ఉదయగిరి యేలిన రేవు

నెల్లూరునుండి సంగము, ఆత్మకూరు దాటి పడమరగా వచ్చి ఉదయగిరి దుర్గమెక్కు బాటసారికి బండలు, ముళ్లపొదలు, శిథిలమైన బురుజులే గాని సముద్రపు టూసే తోచదు. అయినను పదునాలుగవ శతాబ్దపు తుదిని ఈ కొండనుండి సాగిన విజయనగర పరిపాలనము తూర్పున మోటుపల్లి రేవు దాక వ్యాపించి యుండెను.

ఆ రేవున నోడ దిగిన పరదేశి మొదట నెరుగవలసినది 1244 నాటి కాకతీయరాజు గణపతిదేవుని అభయశాసనము. గాలివానకు చెడి యొడ్డున బడిన యోడల సొత్తును పూర్వరాజులు బలిమిని లాగికొనుచుండిరనియు, ప్రాణముకంటె ధనమే మిన్నయని యెంచి కడలికి తెగించిన వర్తకులయందు దయగలవాడై తాను క్లుప్తశుల్కము, అనగా నియతమైన సుంకము, దక్క తక్కినదంతయు విడిచితిననియు నతడు చాటెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టుదారము, పగడములు, మిరియములు, రాగి, సీసము: ఆ పట్టిక చదువుచుండగనే సంతవాసన ముక్కున సోకును.

మార్కోపోలో ఈ మోటుపల్లినే ముత్ఫిలి యని పేర్కొని, సాలెపట్టువంటి సన్నని వలువలను మెచ్చెను. గద్దలు మాంసఖండములతో వజ్రములను లోయలనుండి తెచ్చునన్న కథ మాత్రము రేవులోని వారెవరో వేడుకకై చెప్పియుందురని నా యూహ.

పిమ్మట 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోత రెడ్డియు, 1390లో ఉదయగిరి రాజ్యము నేలుచున్న హరిహరరాయల పుత్రుడు దేవరాయలును వర్తకులకు మరల నభయమొసగిరి. ఇచ్చిన మాటనే యిన్నిమార్లు ఈయవలసి వచ్చెననగా, నడుమ సుంకరుల చేతులు ఊరకుండలేదనియే తోచుచున్నది.