రోగి ఇష్టం - ఇంటి పరిచర్య

ఇస్లామీయ నాగరికతలో రోగుల సంరక్షణను గురించి వ్రాసేవారు సాధారణంగా బగ్దాదు, దమస్కసు, కైరో నగరాల ఆసుపత్రులను వర్ణిస్తారు. అంతకు చాలా ముందే మదీనా ఇళ్ళలో జరిగిన పరిచర్యను అంతగా పట్టించుకోరు. ఇంట్లో రోగి మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న అక్కడే తలెత్తింది.

హిజ్రీ 2వ సంవత్సరంలో (క్రీ.శ. 624) ముస్లింలు బద్ర్‌కు బయలుదేరే వేళకు హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. ఆమె పరిచర్య నిమిత్తం భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి)ను దైవప్రవక్త (స) మదీనాలోనే ఉంచారు. యుద్ధంలో పాల్గొన్నవారితో సమానంగా ఆయనకు వాటా ఇచ్చారు. భార్య మంచం ప్రక్కన కూర్చున్న మగవానికి యోధుని లెక్క!

హిజ్రీ 11వ సంవత్సరంలో (క్రీ.శ. 632) దైవప్రవక్త (స) స్వయంగా రోగి అయ్యారు. జబ్బు ముదిరినా భార్యల ఇళ్ళలో వంతులు తప్పలేదు. రేపు ఎవరి ఇంట ఉంటానని పదేపదే అడిగేవారు. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఉండాలన్నది ఆయన కోరిక. అయినా ఆజ్ఞాపించక, మిగిలిన వారి అనుమతి కోరారు. వారు సమ్మతించారు. ఇద్దరి ఆసరాతో, పాదాలు నేలపై ఈడ్చుకుంటూ అక్కడికి చేరారు. ముసలితల్లిని నెలకొక కొడుకు ఇంటికి వంతులు వేసి, ఆమె ఇష్టం మాత్రం అడగని కుటుంబాలు మన ఊళ్ళలో లేకపోలేదు.

ఆ ఇంట్లో, ముడి విప్పని ఏడు తోలుతిత్తుల నీళ్ళు తనపై పోయమన్నారు. హజ్రత్ హఫ్సా (రజి) తొట్టిలో కూర్చోబెట్టి, ఇక చాలని సైగ చేసేవరకు పోశారు. సేవ అంటే అది.

కాని మందు విషయంలో అలా జరగలేదు. నోటిలో ఒక ప్రక్కగా పోసే మందును అరబ్బులు లదూద్ అనేవారు. వద్దని ఆయన సైగ చేసినా, రోగులకు మందంటే సహజంగానే అయిష్టమని భావించి ఇంటివారు పోసేశారు. తేరుకున్నాక, తాను వారించలేదా అని నిలదీసి, అక్కడున్న వారందరికీ తన కళ్ళెదుటే అదే మందు పోయించారు. ఆ సమయంలో లేనందున హజ్రత్ అబ్బాస్ (రజి)ను మినహాయించారు. ఉపవాసంతో ఉన్న హజ్రత్ మైమూనా (రజి)కు సైతం మినహాయింపు లేకపోయిందని ఇబ్ను ఇస్‌హాఖ్ వ్రాశాడు. మందు పోసినవారు ప్రేమతోనే పోశారు; సందేహం లేదు. తప్పు ప్రేమలో లేదు, సైగను చిన్నపిల్లవాని మారాంగా తీసుకోవడంలో ఉంది.

తరువాతి కాలంలో ఉమయ్యా ఖలీఫా వలీద్ (క్రీ.శ. 705-715) నడవలేని వారికి సేవకులను, అంధులకు దారి చూపేవారిని ఏర్పాటు చేశాడని తబరీ చరిత్ర చెబుతోంది. ఘనమైన ఏర్పాటే. అయితే ఆ కథనంలో ఇచ్చినవాని దాతృత్వం కనిపిస్తుంది. పుచ్చుకున్నవాని మాట వినిపించదు.

ఆ మాటను పోగొట్టకుండా నిలిపినవారు హదీసువేత్తలు. ఇమామ్ బుఖారీ (మరణం క్రీ.శ. 870) లదూద్ ఉదంతాన్ని ప్రవక్త అస్వస్థత ప్రకరణంలోను, వైద్య ప్రకరణంలోను చేర్చడంతో ఆగలేదు; గాయాలకు, ప్రాణాలకు పరిహారం చర్చించే దియాత్ ప్రకరణంలో కూడా చేర్చారు. అది ప్రతీకారం కాదు, మళ్ళీ అలా చేయకుండా నేర్పిన క్రమశిక్షణ అని ఇబ్ను హజర్ (మరణం క్రీ.శ. 1449) వివరించారు.