పొంగిన పుడ్డింగు – రాయని కొలతలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. 1974 నుంచి 2008 దాకా నోట్ ఫైళ్ళు రాసిన గుమాస్తాను నేను. రాజుల చరిత్ర నా వల్ల కాదు. ఒక వంటకం చరిత్ర మాత్రం కొంత తెలుసుకున్నాను. అది మనది కాదు, ఇంగ్లండులోని యార్క్‌షైర్ సీమది.

మా అమ్మాయి కాపురం అక్కడి లీడ్స్ నగరంలో. మా శ్రీమతి కాలం చేసిన తరువాత కొన్నాళ్ళు నన్ను తన దగ్గరికి తీసుకువెళ్ళింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, నడుమ గుంటపడి అంచులు కరకరలాడుతున్న చిన్న గిన్నెల వంటివి వడ్డించి, "యార్క్‌షైర్ పుడ్డింగు, తినండి నాన్నా" అంది. పుడ్డింగంటే తీపి అనుకున్నాను. ఇది ఉప్పుది. మైదా, గుడ్లు, పాలు, ఉప్పు, అంతే. మాది శాకాహారపు ఇల్లే గాని, మనవల పుణ్యమా అని గుడ్డు లోపలికి వచ్చింది!

పూర్వం అక్కడ మాంసాన్ని ఇనుప చువ్వకు గుచ్చి మంట ముందు తిప్పుతూ కాల్చేవారు. కారే కొవ్వు వృథా పోకుండా కింద జారుడు పిండి పోసిన పళ్ళెం పెట్టేవారు. 1737లో అచ్చయిన ఒక పుస్తకంలో దీని పేరు డ్రిప్పింగ్ పుడ్డింగ్. మాంసం ఖరీదు కనుక ముందుగా దీన్నే పులుసుతో పెట్టి సగం ఆకలి తీర్చేవారు. పుడ్డింగు ఎక్కువ తిన్న పిల్లలకు మాంసం ఎక్కువ పెడతామని ఆశ చూపేవారట. చుట్టాలొస్తే పప్పుచారులో నీళ్ళు పెంచిన మన అమ్మలకు ఈ లెక్క కొత్త కాదు.

1747లో హన్నా గ్లాస్ అనే ఆవిడ తన వంటల పుస్తకంలో దీన్ని యార్క్‌షైర్ పేరుతో అచ్చు వేసింది. సుమారు లీటరు పాలకు నాలుగు గుడ్లు ఆమె కొలత. మొదటి ముద్రణ మీద ఆమె పేరే లేదు, 'ఒక స్త్రీ' అని మాత్రమే ఉంది. పుస్తకం బాగా అమ్ముడుపోయినా, 1754లో ఆమె దివాలా తీసి దాని హక్కులు అమ్ముకోవలసి వచ్చింది. మనం రాసిన నోట్ల కింద వేరొకరి సంతకాలు చూసినవాళ్ళం కదా, ఆ సంగతి చదివి మనసు చివుక్కుమంది.

ఇది పొంగే తీరు చెబుతాను. దోసెపిండిలా పులియదు, సోడా అక్కరలేదు. పూరీ పొంగినట్టే, లోపలి తడి ఆవిరై పైకి లేపుతుంది. గుడ్డు గట్టిపడి ఆ ఆకారాన్ని నిలుపుతుంది. గుడ్లు, పాలు, మైదా ఒకే గిన్నెతో సమానంగా కొలిచి, ఉప్పు వేసి ఉండలు లేకుండా గిలకొట్టి, అరగంట ఉంచాలి. అచ్చుల్లో నూనె పోసి, 220 డిగ్రీల ఓవెన్‌లో బాగా కాగనిచ్చి, అప్పుడు పిండి పోయాలి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు తలుపు తీయరాదు.

నేను ఆకస్మిక తనిఖీకి వెళ్ళిన అధికారిలా నడుమ తలుపు తీశాను. అన్నీ చప్పబడిపోయాయి! నేను విరమణ చేసిన 2008లోనే అక్కడి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ, నాలుగు అంగుళాలు పొంగనిది యార్క్‌షైర్ పుడ్డింగే కాదని ప్రకటించిందట. నావి ఒక్క అంగుళం కూడా లేవు. మూడో ఆదివారానికి గాని కుదరలేదు.

ఆ రాత్రి మా అమ్మాయి, "అమ్మ పనసపొట్టు కూరలో ఆవ ఎంత వేసేది నాన్నా?" అని అడిగింది. నలభై ఏళ్ళు తిన్నాను, చెప్పలేకపోయాను. వేల కాగితాలు రాసిన చేతితో ఆ ఒక్క కొలత రాసుకోలేదు. ఎక్కడో రెండు వందల డెబ్భై ఏళ్ళ నాటి పాలూ గుడ్ల లెక్క దొరికింది గాని, మా ఇంటిది పోయింది.

మిత్రులారా, ఇంట్లో వండే చేయి ఉండగానే ఒక నోటుపుస్తకం తీయండి. కింద వారి పేరు కూడా రాయండి. సెలవు.