పేర్లు కుట్టిన బొంత

పాత చీరలు పొరలుగా పరిచి కుట్టే బొంతను ఎరగని తెలుగువారుండరు. అమెరికన్ల యిళ్ళలోనూ యిటువంటిదే వుంది. క్విల్టు అంటారు. అమ్మమ్మలు గుడ్డముక్కలు కలిపి కుట్టి మనవలకిచ్చే యీ యింటి వస్తువు ఒక జబ్బు చరిత్రలో చేరిన వైనం, వైద్యులమైన మేము చెప్పుకోదగినది.

ఎయిడ్స్ మీద మొదటి నివేదిక 1981 జూన్ 5న వెలువడింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియా గురించి. అందులో వారికి పేర్లు లేవు. ఒకటో రోగి, రెండో రోగి, అంతే. రోగి మర్యాద కాపాడేందుకు మా వృత్తి పెట్టుకున్న నియమమది. కాని బయటి లోకం కూడా వాళ్ళకు పేరు లేకుండా చేసింది, సిగ్గు చేత. కొన్ని కుటుంబాలు శవాన్ని తీసుకుపోలేదు. అంత్యక్రియలు జరిపించే సంస్థలు కొన్ని ముట్టుకోమన్నాయి. అధ్యక్షుడు రీగన్ యీ జబ్బు మీద మొదటి పెద్ద ప్రసంగం చేసింది 1987 మే నెలలో. అప్పటికి యీ దేశంలో 20 వేలమందికి పైగా పోయారు.

1985 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక కొవ్వొత్తుల వూరేగింపులో, క్లీవ్ జోన్స్ అనే కార్యకర్త, పోయిన మీవాళ్ళ పేర్లు అట్టల మీద రాయండని జనాన్ని అడిగాడు. వాటిని ఫెడరల్ భవనం గోడకు అంటించారు. చూస్తే అచ్చం బొంతలా వుందట!

అలా 1987లో కుట్టు మొదలైంది. ఒక్కో ముక్క 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడుగు. అంటే సుమారుగా సమాధి కొలత. కుట్టినవారు తల్లులు, స్నేహితులు, సహచరులు. ఏనాడూ సూది పట్టనివారూ వున్నారు. జీన్సు గుడ్డ, ఎలుగుబంటి బొమ్మలు, పెళ్ళి వుంగరాలు, వెంట్రుకలు, చివరికి చితాభస్మం కూడా అందులో చేర్చారు. కొన్నిటి మీద యింటిపేరు లేదు. ఆ సగం పేర్లే మమ్మల్ని ఎక్కువ బాధిస్తాయి.

1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో 1,920 ముక్కలు పరిచి, పేర్లు బిగ్గరగా చదివారు. ఆ రెండు రోజుల్లో చూడవచ్చినవారు 5 లక్షలమంది. మరుసటి ఏటికి ముక్కలు 8,288 అయ్యాయి.

ఏడ్చి కూర్చుంటే మందులొస్తాయా అని ఆక్టప్ అనే వుద్యమ సంస్థలో కొందరికి కోపం. 1992 అక్టోబరు 11న, బొంత అదే నగరంలో పరిచివుండగా, వాళ్ళు తమవారి భస్మాన్ని తెచ్చి వైట్‌హౌస్ పచ్చిక మీద చల్లారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే నినాదాల దగ్గరకు ఎన్నటికీ రాని తల్లి బొంత దగ్గరకు వచ్చింది.

మొత్తం బొంతను ఒకేచోట పరిచింది 1996లో కడసారి. యిప్పుడది శాన్ ఫ్రాన్సిస్కోలో వుంది: సుమారు 50 వేల ముక్కలు, 54 టన్నుల బరువు, 1,10,000కు పైగా పేర్లు.

2000 తర్వాతి దశకంలో మన దేశంలో యీ జబ్బు తీవ్రంగా వున్న ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏదో జ్వరమొచ్చి పోయాడని చెప్పుకున్న యిళ్ళు మనలోనూ వుంటాయి. కొత్త ముక్కలు యిప్పటికీ తీసుకుంటున్నారు. 3 అడుగులు, 6 అడుగులు. కుట్టు చక్కగా రాకపోయినా ఫరవాలేదు.