కావలి లేని కట్ట

2020 అక్టోబరు 13 ఉదయం తీవ్ర వాయుగుండం ఒకటి కాకినాడ దగ్గర తీరం దాటింది. తుపాను స్థాయికి చేరలేదు కాబట్టి దానికి పేరు కూడా పెట్టలేదు. అది తెలంగాణ మీదుగా పడమటికి సాగి, ఆ పగలూ రాత్రీ హైదరాబాద్ మీద కుమ్మరించింది. మర్నాటి ఉదయానికి బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. అక్టోబరు నెలలో నగరం వందేళ్లకు పైగా చూడని వాన అది. తూర్పు శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు కూడా దాటింది. పదేళ్లుగా తెరవని హిమాయత్‌సాగర్ గేట్లు ఆ రాత్రే ఎత్తారు.

ఆ రాత్రే గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగింది.

ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఆ చెరువు. మెహిదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగినవాళ్లు విమానాశ్రయానికి పోయే దారి అదే. కర్నూలుకు, బెంగళూరుకు పోయే లారీలూ బస్సులూ దానిమీదే. కట్టకు గండి పడగానే నీళ్లు నేరుగా ఆ రోడ్డు మీదికి దూకాయి. కార్లు, లారీలు కొట్టుకుపోయాయి. ఇళ్లలోకి వరద చొరబడింది. మనుషుల ప్రాణాలు పోయాయి. రోడ్డు కోతకు గురై రాకపోకలు ఆగిపోయాయి. విమానం అందుకోవలసినవాళ్లను ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్లమని పోలీసులు మళ్లించారు.

ఇలా కోసుకుపోయిన రోడ్డును మళ్లీ తెరవడానికి ముందు పరీక్షించడం చిన్న పని కాదు. నీళ్లు తీసేసినంత మాత్రాన దారి దారి కాదు. పైన తారు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, కింద మట్టి మొత్తం కొట్టుకుపోయి బోలుగా ఉంటుంది. లారీ ఎక్కితే తప్ప ఆ సంగతి బయటపడదు. అందుకే ముందు అంచులు చూస్తారు. కల్వర్టు ఖానాల్లో చెట్టూ చెత్తా అడ్డం పడ్డాయేమో, పక్క గోడలు కదిలాయేమో చూస్తారు. బోలుగా మారిన చోట తవ్వి, మొరం, కంకర పొరలు పొరలుగా పోసి, రోలరుతో తొక్కించి, మొదట చిన్న బండ్లను, ఆ తర్వాతే బరువు బండ్లను వదులుతారు. రోడ్డుకు ఇంత వైద్యం చేసే చేతులు మనకున్నాయి. ఆ రోడ్డును కోసిన చెరువు దగ్గరికి మాత్రం అంతకుముందు ఎవరు వెళ్లారు?

ఒకప్పుడు వెళ్లే మనిషి ఉండేవాడు. తెలంగాణ పల్లెల్లో ఆయన్ని నీరటి అనేవారు. తూము తీయడం, మూయడం, పొలాలకు నీళ్లు పంచడం ఆయన పని. పంట ఇంటికొచ్చాక రైతులు కొలిచి ఇచ్చే గింజలే జీతం. వాన పట్టిన రాత్రి గొంగడి కప్పుకుని కట్ట పొడుగునా నడిచేది ఆయనే. ఎక్కడ ఎలుక బొరియ పడింది, ఎక్కడ నీరు ఊటగా దిగుతోంది, నిండిన చెరువు పొంగి పారే మత్తడికి అడ్డంగా ఏముంది అని చూసి ఊరిని లేపేవాడు. చెరువు మత్తడి దూకితే జనం కట్ట మైసమ్మకు మొక్కి, ఆ నీళ్లలో చేపలు పట్టేవారు. పొంగే నీటికి పోవలసిన తోవ ఉండేది కాబట్టే ఆ నిండుదనం పండుగలా ఉండేది.

ఈ చెరువులు ఒంటరివీ కావు. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువులో చేరాలి, అది నిండితే ఆ కింది దానికి పోవాలి. ఆ గొలుసులో ఒక్క కొండి ఊడినా బరువంతా కిందివాళ్ల మీద పడుతుంది.

కొండి ఎలా ఊడిందో శంషాబాద్ చుట్టుపక్కల అందరి కళ్ల ముందే జరిగింది. సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చింది. 2008 మార్చిలో విమానాలు ఎగరడం మొదలైంది. దాని వెంట గోదాములు, షెడ్లు, ఫంక్షన్ హాళ్లు, వెంచర్లు వచ్చాయి. వరి పోయింది కాబట్టి తూముతో పని లేదు. తూముతో పని లేదు కాబట్టి నీరటితో పని లేదు. చూసేవాడు లేని చెరువులో మొదట ఎరయ్యేది శిఖం భూమి, అంటే నీళ్లు నిలిచే నేల. ఎండాకాలంలో నాలుగు ట్రాక్టర్ల మట్టి, మరుసటి ఏడాది ప్రహరీ, ఆ పై ఏడాది రేకుల షెడ్డు. నీళ్లు నిలిచే చోటు తగ్గింది, వచ్చే నీళ్లు పెరిగాయి. పొలమైతే సగం వాన తాగేది. సిమెంటు చుక్క కూడా తాగదు. మత్తడి చాలనప్పుడు నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్టకు అంతకు మించిన చావు లేదు. వెనక వాలు కరుగుతుంది, చిన్న చీలిక గండి అవుతుంది, గంటల్లో చెరువు ఖాళీ.

ఆ వారంలో తెగింది అప్పా చెరువొక్కటే కాదు. పల్లె చెరువు వరద అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురిని లాక్కుపోయింది. 17వ తేదీ రాత్రి బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్‌బాబానగర్ మునిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచాక ఈ నగరం ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించుకుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. 2020లో మాత్రం ఇంటికి పది వేల రూపాయల సాయం పంచారు. అప్పా చెరువులో ఆక్రమణల మీదికి యంత్రాలు వెళ్లింది 2024 ఆగస్టు 31న, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక. చెరువు తెగిన దాదాపు నాలుగేళ్లకు.

వాన నేరమేమీ లేదు. తీవ్ర వాయుగుండం తన దారిన తాను వచ్చింది. అప్పా చెరువును చంపింది ఒక్క రాత్రి కాదు, దాన్ని ఎవరూ చూడని ఏళ్లు. వాన వెలిసాక రోడ్డు చూడడం అవసరమే. కానీ ఏటా మృగశిర కార్తెకు ముందే కట్ట, తూము, మత్తడి, నాలా చూసి రాసిపెట్టే మనిషిని ప్రతి చెరువుకూ నియమించి జీతమివ్వాలి. గండి పడ్డ రోడ్డు పూడ్చడానికయ్యే ఖర్చు ముందు ఆ జీతం ఎంత? విమానాశ్రయం దగ్గరని ప్లాటు కొనేవాళ్లు కూడా అడ్వాన్సు ఇవ్వకముందే ఊరి నక్షా తీయించి, ఆ సర్వే నంబరు శిఖంలో ఉందేమో, నాలా మీద ఉందేమో చూసుకోండి. ఉంటే, ఎంత చవకగా వచ్చినా కొనకండి.