పసుపు అంటని పరిటాల రాయి

నందిగామ నుంచి బెజవాడ వెళ్లే దారిలో, కంచికచర్ల దాటాక పరిటాల వస్తుంది. 1766లో ఉత్తర సర్కారులను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చిన నిజాం అలీ, వజ్రాల గనులనూ వాటి ఊళ్లనూ మాత్రం తనకే ఉంచుకున్నాడు. అందుకే చుట్టూ తెల్లదొరల ఏలుబడి సాగినా, హైదరాబాదు సంస్థానం విలీనమయ్యే దాకా పరిటాల నిజాం ఊరే.

ఆ నేలలో దొరికిందని చెప్పే రాయి ఒకటి సుమారు 410 క్యారెట్లు తూగింది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ దాన్ని జమ్‌చంద్ అనే వర్తకుడి దగ్గర 48,000 వరహాలకు కొన్నాడు. సానబట్టాక మిగిలింది 140 క్యారెట్లే. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి కొనడంతో అది 'రీజెంట్' అయింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మట్టిలోంచి తీసిన మనిషి పేరు నిలవలేదు. నాకది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇంత పెద్ద రాయికి అంత తేటదనం ఎక్కడిది? సిట్రిన్ అనే రత్నానికి పసుపు రంగు స్ఫటికంలో చేరిన ఇనుము వల్ల వస్తుంది. వజ్రాల్లోనూ చాలావాటికి కాస్తో కూస్తో పసుపు ఛాయ ఉంటుంది, కాని దాని కారణం వేరు. 1934లో రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ అనే ముగ్గురు వజ్రాల్లో రెండు జాతులున్నాయని తేల్చారు: ఒకటి అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటుంది, రెండోది చాలావరకు పోనిస్తుంది. ఎందుకన్నది 1959లో కైజర్, బాండ్ పట్టుకున్నారు. అడ్డుకునే జాతిలో నత్రజని ఉంది. పసుపు ఛాయ కూడా దాని పనే. నత్రజని దాదాపు లేని నీటిరంగు రాళ్లనే రత్నాల వ్యాపారులు నేటికీ గోల్కొండ వజ్రాలంటారు.

అసలు విశేషం 2016లో బయటపడింది. రాయిలో మచ్చ కనిపిస్తే సానపట్టేవాళ్లు ఆ ముక్కను కోసి తీసేస్తారు. పరిశోధకుడు ఇవాన్ స్మిత్ బృందానికి కావలసింది ఆ మచ్చే. పెద్ద తేట వజ్రాల ముక్కలను పరీక్షిస్తే లోపల ఇనుము, నికెల్, కర్బనం, గంధకం కలిసి గడ్డకట్టిన చుక్కలు, వాటి చుట్టూ మీథేన్ పొర కనిపించాయి. మామూలు వజ్రాలు చాలావరకు 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున పుడితే, ఇవి 360 నుంచి 750 కిలోమీటర్ల లోతున కరిగిన లోహంలో పుట్టాయని అప్పుడే తెలిసింది.

వజ్రాలను పైకి మోసుకొచ్చే అగ్నిశిలల్లో లాంప్రోయిట్ ఒకటి. అవి జగ్గయ్యపేట ప్రాంతంలో, రామన్నపేట దగ్గర, వందకోట్ల ఏళ్లకు పైబడిన వయసుతో ఉన్నాయి. కృష్ణ ఒడ్డు కంకరలోని వజ్రాలకు పుట్టిల్లు ఇలాంటి శిలలేనా అన్నది భూగర్భ శాస్త్రవేత్తలు ఇంకా తేల్చవలసిన సంగతి.