చిన్నవాడికే పనిచేసిన మందు

1882లో పారిస్‌లో ఫిలిప్ గోషే అనే వైద్య విద్యార్థి డాక్టరు పట్టా కోసం ఒక థీసిస్ రాశాడు. అందులోని రోగి 32 ఏళ్ల స్త్రీ. ఆమె ప్లీహం విపరీతంగా పెరిగిపోయింది, లోపలంతా బాగా ఉబ్బిన కణాలు. ప్లీహానికి క్యాన్సర్ వచ్చిందని గోషే తేల్చాడు. అది క్యాన్సర్ కాదు. అయినా జబ్బుకు ఆయన పేరే నిలిచిపోయింది.

రెండేళ్ల తరవాత లండన్‌లో స్థిరపడిన జర్మన్ వైద్యుడు తూడికం మెదడు రసాయనం మీద ఒక పుస్తకం వేశాడు. మెదడు నుంచి ఆయన వేరుచేసిన కొవ్వుల్లో కొన్నింటికి చక్కెర అంటుకుని ఉంది. ఈ జాతి కొవ్వుల్నే ఇప్పుడు గ్లైకోస్ఫింగోలిపిడ్లు అంటున్నారు. ఆ కాలపు పెద్దలు చాలామంది ఆయన మాట కొట్టిపారేశారు. పారిస్ ప్లీహానికీ లండన్ మెదడుకీ సంబంధం ఉందని తేలడానికి ఇంచుమించు అర్ధశతాబ్దం పట్టింది. ఉబ్బిన కణాల్లో పేరుకున్నది ఈ జాతి కొవ్వేనని ముందు తెలిసింది. మెదడులో ఉన్నట్టే దీనికీ గాలక్టోజ్ అంటుకుని ఉంటుందనుకున్నారు. 1934లో ఆగియోన్ అనే ఆయన, మళ్లీ పారిస్‌లోనే, మళ్లీ ఒక థీసిస్‌లోనే, అది గ్లూకోజ్ అని చూపించాడు. దాని పేరు గ్లూకోసెరిబ్రోసైడ్.

ఈ కొవ్వులు పనికిరానివేం కావు. కొవ్వు తోక కణం పొరలో మునిగి ఉంటుంది, చక్కెర తల బయటికి ఉంటుంది. కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడంలో, సంకేతాలు అందుకోవడంలో ఆ తలలకు పాత్ర ఉంది. కలరా విషం పేగు కణాన్ని పట్టుకునేది కూడా వీటిలో ఒకదాని తలనే. పాతబడ్డాక మాత్రం వీటిని విడగొట్టాలి. సుమారు 120 రోజులు బతికి ముసలిదైన ఎర్రకణాన్ని ప్లీహంలోని మాక్రోఫేజ్ అనే కణం మింగేస్తుంది. ఆ ఎర్రకణం పొరలోని కొవ్వుల చక్కెరల్ని మాక్రోఫేజ్ లోపలి లైసోసోమ్‌లనే సంచుల్లోని ఎంజైములు ఒక్కొక్కటిగా ఊడదీస్తాయి. చివర మిగిలేది గ్లూకోజ్. అది ఊడకపోతే కొవ్వు అక్కడే పేరుకుంటుంది, మాక్రోఫేజ్ ఉబ్బుతుంది. ప్లీహం, కాలేయం పెరుగుతాయి, రక్తం తగ్గుతుంది, ఎముకలు నొప్పెడతాయి.

ఇప్పుడు ఇంత సులువుగా చెబుతున్నాం గానీ, 1950ల్లో ఇది ఎవరికీ తెలియదు. శరీరం ఆ కొవ్వును అతిగా తయారుచేస్తోందా, తయారైనదాన్ని విడగొట్టలేకపోతోందా? అమెరికాలోని బెథెస్డాలో, నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో రోస్కో బ్రేడీ పట్టుకున్న ప్రశ్న ఇదే. రోగుల ప్లీహం ముక్కల్లో చూస్తే తయారీ మామూలుగానే ఉంది. ఇక మిగిలింది రెండోదే. దాన్ని రుజువు చేయాలంటే రేడియోధార్మిక కార్బన్ చేర్చిన గ్లూకోసెరిబ్రోసైడ్ కావాలి. దాన్ని తయారుచేసుకుని, 1965కల్లా బ్రేడీ బృందం జవాబు చెప్పింది: గ్లూకోజ్‌ను ఊడదీసే ఎంజైము రోగుల్లో బాగా తక్కువగా ఉంది.

లేని ఎంజైమును బయటినుంచి ఇస్తే సరిపోదా? అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. కాన్పు తరవాత పారేసే మాయల నుంచి ఆ ఎంజైమును శుద్ధి చేశారు. 1974లో ఇద్దరు రోగులకు ఎక్కించి చూస్తే కాలేయంలో కొవ్వు 26 శాతం తగ్గింది. అందరూ సంబరపడ్డారు. కానీ పెద్ద ఎత్తున తయారుచేసి ఇస్తే ఫలితం నిలకడగా రాలేదు. ఎంజైము చేరవలసిన మాక్రోఫేజ్‌లను వదిలి కాలేయపు మామూలు కణాల్లోకి పోతోంది, చిరునామా తప్పిన ఉత్తరంలా. ఆ ఎంజైము మీద కూడా చక్కెర గొలుసులున్నాయి. మాక్రోఫేజ్ మానోజ్ అనే చక్కెరను గుర్తుపట్టి పట్టుకుంటుంది. అందుకని గొలుసు చివరి చక్కెరల్ని వరసగా కత్తిరించి, మానోజ్ పైకి తేలేలా చేశారు.

1980ల్లో ఆ సవరించిన ఎంజైమును కొందరు రోగులకు ఇచ్చారు. పెద్దవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నాలుగేళ్ల పిల్లవాడొకడికి మాత్రం రక్తం పెరిగింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి. మందు ఆపితే తగ్గాయి, మళ్లీ ఇస్తే పెరిగాయి. ఒక్కడికి నయమైతే కాకతాళీయమని పక్కన పెట్టడం తేలిక. బ్రేడీ బృందం అలా చేయలేదు. అందరికీ ఒకే మోతాదు ఇచ్చారు, వాడు అందరికంటే చిన్నవాడు. అంటే కిలో బరువుకు అందరికంటే ఎక్కువ మందు అందింది వాడికే! లోపం మందులో లేదు, మోతాదులో ఉంది. నా దృష్టిలో ఈ వందేళ్ల కథలో అన్నిటికన్నా తెలివైన అడుగు ఇది.

తరవాత 12 మందికి కిలోకు 60 యూనిట్ల చొప్పున రెండు వారాలకోసారి ఇస్తే అందరిలోనూ హిమోగ్లోబిన్ పెరిగింది. 1991లో జెన్‌జైమ్ కంపెనీ తయారుచేసిన ఈ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక్క రోగికి ఏడాదికి సరిపడే మందుకు 20,000 మాయల దాకా కావలసివచ్చేది. 1994 నుంచి చైనీస్ హామ్‌స్టర్ కణాల్లో తయారుచేయడంతో ఆ తిప్పలు తప్పాయి. ధర మాత్రం తగ్గలేదు.

మన దేశంలో 2021 నాటి అరుదైన జబ్బుల విధానంలో గోషే జబ్బు ఉంది. 2022 నుంచి ఒక్కో రోగికి ప్రభుత్వ సాయం పరిమితి 50 లక్షల రూపాయలు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రితో కలిసి డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ఇందుకు గుర్తింపు పొందిన కేంద్రం. 50 లక్షలు పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ మందు జీవితాంతం కావాలి, మోతాదు బరువును బట్టి. పిల్లవాడు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. ఒకేసారి లెక్కగట్టిన పరిమితి ఈ జబ్బుకు సరిపోదు.

తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది, కాబట్టి మేనరికాలున్న మన ఇళ్లలో దీన్ని మరింత గుర్తుంచుకోవాలి. కారణం తెలియకుండా పిల్లల ప్లీహం పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే, ప్లీహం తీయించడానికి ఒప్పుకోకముందే ఈ ఎంజైముకు రక్తపరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి.