రిమోటు పుట్టింది ప్రకటనల నోరు మూయించడానికే

టీవీ రిమోటు ఛానెళ్ళు మార్చడానికే పుట్టిందనుకుంటాం గానీ, ప్రకటనల గోల తప్పించుకోవడం కూడా దాని పుట్టుకకి పెద్ద కారణమే. అమెరికాలో జెనిత్ కంపెనీ అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్‌కి టీవీ ప్రకటనలంటే ఒళ్ళుమంట. 1955లో ఆ కంపెనీ ఇంజనీరు యూజీన్ పోలీ "ఫ్లాష్-మాటిక్" తయారుచేశాడు. అదో తుపాకీ ఆకారపు టార్చిలైటు. టీవీ తెర నాలుగు మూలల్లో నాలుగు ఫోటోసెల్స్. సరైన మూలకి గురిపెట్టి వెలుగు కొడితే బొమ్మ అలాగే ఉంటుంది, శబ్దం మాత్రం ఆగిపోతుంది. (కిటికీలోంచి ఎండ పడితే టీవీ తనంతట తనే ఛానెల్ మార్చేసేదట. అది వేరే కథ :))

సరే, ప్రకటనలంటే అందరికీ చిరాకే, ఇందులో వింతేముంది అంటారా? ఆటిజం, ఏడీహెచ్‌డీ లాంటివి ఉన్నవాళ్ళలో చాలామందికి ఇది చిరాకుతో ఆగదు. పేజీ పక్కన మెరిసే బ్యానరుని మనం కాసేపటికి మర్చిపోతాం. వాళ్ళకి అలా మర్చిపోవడం చేతకాదు. చదువుతున్న వాక్యం సగంలో తెగిపోతుంది, ఒక్కోసారి తలనొప్పో భయమో మొదలవుతుంది. అది మొండితనం కాదండీ, మెదడు పనిచేసే తీరు.

దీనికి మూలం చాలా పాతది. ఆటిజం గురించి లియో కానర్ 1943లో రాసిన పత్రంలో 11 మంది పిల్లల వివరాలున్నాయి. వాక్యూమ్ క్లీనరు, లిఫ్టు, కుళాయి నీళ్ళ చప్పుడు... ఇలాంటివాటికే కొందరు హడలిపోయేవారు. కానీ కానర్ గమనించిన అసలు విషయం ఇంకోటుంది. అంత చప్పుడూ ఆ పిల్లలు తామే సంతోషంగా చేసేవారు! అంటే బాధంతా చప్పుడుతో కాదు, అది అడక్కుండా లోపలికి చొరబడటంతో. టీవీ ప్రకటనల మాటలు కంఠతా పట్టి ఇష్టంగా వల్లెవేసే ఆటిజం పిల్లలు ఎందుకుంటారో కూడా ఇక్కడే కాస్త అర్థమవుతుంది. తనంతట తను తెచ్చుకున్నది వేరు, మీద పడేది వేరు. మరి ప్రకటన చేసే పనే మీద పడటం కదా!

2007లో మేరీలాండ్‌లో ఆటిజం ఉన్న పాప తల్లి ఒకావిడ అడిగితే ఏఎమ్‌సీ థియేటరు వాళ్ళు ప్రత్యేక ఆట వేశారు. అది తర్వాత దేశమంతా పాకింది. లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండు తగ్గిస్తారు, పిల్లలు లేచి తిరగొచ్చు. ఇక తీసేసినవి ఏంటో తెలుసా? ట్రైలర్లు, ప్రకటనలు.

ఇప్పుడు మన వీధికి వద్దాం. 2008 డిసెంబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణం ప్రకారం, పేజీలో దానంతటదే కదిలేది, మెరిసేది ఏదైనా 5 సెకన్లు దాటితే దాన్ని ఆపే వీలుండాలి. ఏకాగ్రత సమస్యలున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకునే ఈ నియమం పెట్టారు. ఐదే ఎందుకట? చూపు లాగడానికి చాలినంత, ఓర్చుకుని గడిపెయ్యగలిగినంత అని దాని వివరణ. ప్రకటనదారుడికీ చదివేవాడికీ మధ్య కుదిర్చిన బేరమన్నమాట. ఆ బేరం ఎన్ని సైట్లు పాటిస్తున్నాయో మీకు తెలుసు, నాకూ తెలుసు.

అందుకే బాధపడేవాళ్ళు సొంత ఫ్లాష్-మాటిక్ వెతుక్కున్నారు. 2002లో ఫైర్‌ఫాక్స్ కుటుంబానికి యాడ్‌బ్లాక్ వచ్చింది, 2014లో యూబ్లాక్ వచ్చింది. 2024లో క్రోమ్ కొత్త ఎక్స్‌టెన్షన్ నియమాల పేరుతో యూబ్లాక్ ఆరిజిన్ లాంటి పాతవాటిని ఆపడం మొదలుపెట్టింది. భద్రత కోసమని గూగుల్ చెప్పింది. కారణం ఏదైనా, టార్చిలైటు మాత్రం చేతిలోంచి జారింది.

ప్రకటనలు లేకపోతే ఉచిత సర్వీసులెలా నడుస్తాయని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, మనలో చాలామంది జీతాలు అక్కణ్ణుంచే వస్తాయి. కానీ ప్రకటన ఉండటం వేరు, దానంతటదే అరవడం వేరు. ఆ రెండో పని చేయించే ఆటోప్లే కోడ్ రాసేది ఎవరో కాదు, మనమే. డెబ్భై ఏళ్ళ క్రితం ఒక ఇంజనీరు ఆపే మీట కనిపెట్టాడు. మనం కనీసం దాన్ని దాచిపెట్టకుండా ఉందాం. వచ్చే స్ప్రింట్‌లో ఎవరైనా "పాజ్ బటన్ అవసరమా?" అంటే, అవసరమే అని ఒక్కరైనా గట్టిగా చెప్పండి.